తిరుపతయ్య సంతకం

అనసూయ ఎడమచేత్తో సంతకాలు పెట్టలేదు. కుడిచేత్తోనూ పెట్టలేదు. అసలు ఆమె ఒక్క సంతకం కూడా పెట్టలేదు. మొన్న నాగర్‌కర్నూల్‌లో మహిళల సభ జరిగితే, ఒక పడుచు లెక్చరర్ మైకు ముందు నిలబడి, వలస పోయిన మగవాళ్ల పేర్లు మా అనసూయ ఎడమచేత్తో రాసి వందల మంది ఆడవాళ్లను ఎలా గట్టెక్కించిందో కళ్లనీళ్లు పెట్టుకుని మరీ చెప్పింది. వందలు కాదు. ఎడమచెయ్యి కాదు. అనసూయ కాదు. ఒక్క వాక్యంలో మూడు తప్పులు. నా క్లాసులో అయితే బెంచీ ఎక్కించేదాన్ని. మాజీ ఎమ్మెల్యే అనసూయ మాత్రం వేదిక మీద శాలువా సర్దుకుంటూ అవుననీ కాదనీ తేల్చని నవ్వొకటి నవ్వింది. ఆ నవ్వు నాకు పాతికేళ్లుగా తెలుసు. అలాంటి నవ్వు కోసం నేను అద్దం ముందు ప్రయత్నించిన రోజులూ ఉన్నాయి, రాలేదు. ఆ తర్వాత ఆ పిల్ల, "అమ్మకు వెన్నుదన్నుగా నిలిచిన తోడికోడలు సరళ మేడం కూడా మన మధ్యే ఉన్నారు" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఫ్యాను గాలి తగలని మూడో వరుసలోంచి లేచి దండం పెట్టాను. వెన్నుదన్ను అట! నా జన్మలో నేను ఎవరి వెనకా నిలబడలేదు. ముందు నిలబడనియ్యకపోతే పక్కన నిలబడి వాదన పెట్టుకున్నాను గానీ. అందుకే ఇది రాస్తున్నాను. రాస్తే ఉద్యోగం పోతుందన్న భయం ఇప్పుడు లేదు; రెండేళ్ల కిందనే నా అంతట నేను రిటైర్మెంటు తీసుకున్నాను.

మా ఊరు వనపర్తికీ గద్వాలకీ మధ్యన ఉంటుంది. పేరు రాయను, అక్కడ ఇంకా మా చుట్టాలున్నారు, ఆ సంతకాలు జరిగిన దవాఖాన ఉంది. నేను ఆ ఇంటికి పెద్ద కోడలిని. వనపర్తిలో బీఎస్సీ చదివి, బీఈడీ చేసి, పక్క ఊరి హైస్కూల్లో సైన్సు టీచరుగా ఉద్యోగం తెచ్చుకుని ఆ ఇంట్లో కాలు పెట్టాను. మా ఆయన ఆర్టీసీ డిపోలో గుమాస్తా. నా తర్వాత మూడేళ్లకు మా మరిదికి అనసూయను చేశారు. తోడికోడలిని మా దగ్గర యారాలు అంటారు. మా యారాలు మానవపాడు వైపు రైతుల బిడ్డ. ఇంటర్‌లో ఇంగ్లీషు తప్పింది, మళ్లీ రాయలేదు, రాయలేదన్న బాధ కూడా లేదు. ఆ బాధ లేకపోవడమే నాకు మొదట నచ్చలేదు.

కొత్త శతాబ్దం వచ్చిందని పేపర్లు రాస్తుంటే మా ఇంట్లో మాత్రం ఇంకా కట్టెల పొయ్యే. తెల్లారేసరికి పీట మీద జొన్నరొట్టెలు కొట్టే చప్పుడు, దాని వెంబడే కాలిన పిండి వాసన, పుంటికూర పులుపు, వెనక గదిలో మూటలు కట్టి పెట్టిన పల్లికాయ మీది ఎర్రమట్టి వాసన. నా రొట్టె అంచులు పగిలేవి. అనసూయ రొట్టె చాటంత వెడల్పుగా, పలచగా, ఎక్కడా చెదరకుండా వచ్చేది. మా అత్తమ్మ గోడకానుకుని కూర్చుని ఎడమ బొటనవేలి గోరు మీద సున్నం పెట్టుకుని, తమలపాకుకు రాస్తూ ఇద్దరి రొట్టెలూ చూసేది. "సదువుకున్న చెయ్యి సరళా నీది. పిండిని గూడ బెదిరిస్తది" అనేది. అనసూయ నవ్వేది. నేను ఆ పగిలిన రొట్టెనే టిఫిన్ డబ్బాలో పెట్టుకుని, స్కూల్లో స్టాఫ్‌రూంలో మూత సగం తీసి తినేదాన్ని. అసూయ ఎక్కడ మొదలవుతుందని ఎవరైనా అడిగితే, పెద్ద పెద్ద చోట్ల కాదు, పెనం మీద మొదలవుతుందని చెప్తాను.

రొట్టెలైతే సరే. అరుగు సంగతి మాత్రం నాకు మింగుడు పడలేదు. మధ్యాహ్నాలు, సెలవు రోజులు, రోడ్డవతలి వాడలోంచి ఆడవాళ్లు వచ్చి మా అరుగు మీద కూర్చునేవాళ్లు. మగవాళ్లు మేస్త్రి వెంట పూణెకో బొంబాయికో మోరీలు తవ్వడానికి, కేబుళ్లకు గోతులు తీయడానికి దసరా తర్వాత పోతే ఉగాదికి గానీ రారు. ఈ ఆడవాళ్లు ముసలివాళ్లతో, పిల్లలతో, నిండు గర్భాలతో ఇక్కడ. నేను వాళ్లకు హక్కుల గురించి చెప్పేదాన్ని. కాలేజీలో ఉండగా డిబేట్లలో కప్పులు గెలిచినదాన్ని, నాకు చెప్పడం తెలుసు. వాళ్లు శ్రద్ధగా వినేవాళ్లు. విని, కొంగు దులుపుకుని, లోపలికి పోయి, చాటలో పప్పు చెరుగుతున్న అనసూయ చెవిలో అసలు సంగతి చెప్పేవాళ్లు. నేను బయట, సంగతి లోపల.

ఒకసారి నేను మా అత్తమ్మను అడిగాను. తొమ్మిది కాన్పులైన మనిషి ఆమె, మిగిలింది ఇద్దరు. "అప్పట్లో దవాఖానలో మామయ్య సంతకం అడిగేవాళ్లా అత్తమ్మా?" అన్నాను. ఆమె సున్నం వేలు నా వైపు చూపించి, "కనుమని నన్నెవలడిగిన్రు, వద్దంటవా అని నన్నెవలడిగిన్రు? నన్నే అడగలే, ఇంగ సంతకమెవలికి గావాలె?" అంది. ఆ మాట నా ఉపన్యాసాలన్నిటికంటే బాగుంది. అది కూడా నాకు కొంచెం కష్టంగానే తోచింది.

బాలమణి అలా వచ్చినదే. మూడో పిల్ల ఇంకా చంక దిగలేదు, నెల తప్పింది. మొగుడు తిరుపతయ్య పూణెలో. ఆమెకు కడుపు తీయించుకోవాలి, మళ్లీ రాకుండా ఆపరేషన్ కూడా చేయించుకోవాలి. దవాఖానకు పోతే మొగుడి సంతకం తెమ్మన్నారు. మర్నాడు పోతే మళ్లీ అదే మాట. మూడో రోజు గేటు దగ్గరే కూర్చుంది. ఆ రోజు స్కూలుకు సెలవు కాబట్టి అనసూయతో పాటు నేనూ వెళ్లాను. డాక్టరుగారితో వాదన నాది. పద్దెనిమిదేళ్లు నిండిన ఆడమనిషి తన సమ్మతి తాను ఇస్తే చాలు, చట్టంలో మొగుడి ఊసే లేదు అని పుస్తకం తీసి చూపించాను. ఆయన మర్యాదస్తుడే. "చట్టం మీరు చదివిన్రు మేడం, నేనూ చదివిన. రేపు మొగుడొచ్చి నా మీద పడితే మీ పుస్తకం అడ్డం వస్తదా? ఫారంలో ఆ గీత ఉంది. ఫారం నేను అచ్చు వెయ్యలే, పైనుంచి వచ్చింది. గీత మీద పేరుండాలె, అంతే" అన్నాడు. నేను ఇంకో అరగంట వాదించి గెలిచాను. ఆయన చివరికి, "మీరు చెప్పింది కరెక్టే" అని ఒప్పుకున్నాడు కూడా. విజయగర్వంతో బయటికి వస్తే అనసూయ అంది, "అక్కా, నువ్వు గెలిస్తివి. బాలమణి ఇంగ గేటు కాడనే ఉంది."

నాకు ఒళ్లు మండింది. బెంచీ మీద కూర్చుని, ఆ ఫారం లాక్కుని, గీత మీద 'తిరుపతయ్య' అని రాశాను. ఎవరి ఆలోచన అది అంటే, కచ్చితంగా నాదే. అనసూయ పక్కన నిలబడి ఉంది, అంతే. "తొందరగ రాయి, సిస్టర్ వస్తున్నది" అని ఉండవచ్చు. ఆ సిస్టర్ వచ్చి ఫారం చూసి, "భర్త వచ్చిండా?" అంది. "వచ్చిండు. సంతకం జేసి ఛాయ్ తాగనీకి పోయిండు" అంది అనసూయ తడుముకోకుండా. సిస్టర్ మా ఇద్దరినీ ఒకసారి చూసి ఫారం తీసుకుని లోపలికి పోయింది. తర్వాతి నెలల్లో ఇంకొందరు వచ్చారు. ప్రతిసారీ భర్త ఛాయ్ తాగడానికే పోయేవాడు. నాలుగోసారో ఐదోసారో ఆ సిస్టర్, "ఈ మండలంల మొగోళ్లందరికీ ఛాయ్ దుకాణం తప్ప దిక్కు లేనట్టుంది" అని గొణుక్కుంటూ పోయింది.

ఇక్కడ నేను దాచుకోకుండా చెప్పాల్సింది ఒకటుంది. ఆ పని నాకు బాగా నచ్చింది. ఏ పేరుకు ఆ పేరు వేరే చేతిరాతలో రాసేదాన్ని. రాత్రిబడికి పోయి పేరు ఒక్కటే నేర్చుకున్నవాడు 'య్య' దగ్గర ఎలా తడబడతాడో, ఏడు దాకా చదివి మానేసినవాడు చివర తోక ఎంత పొడుగు లాగుతాడో, పిల్లల రాత పుస్తకాలు దిద్దీ దిద్దీ నాకు తెలుసు. బాలస్వామి కుడివైపు వాలేవాడు. నర్సింహులు గీత దాటిపోయేవాడు. రొట్టె కొట్టడం రాని చెయ్యి ఇక్కడ మాత్రం తప్పు చెయ్యలేదు. దవాఖాన నుంచి తిరిగి వచ్చేటప్పుడు అనసూయ నా వెనకాల నడిచేది. అవును, ఆ కొద్ది నెలలు ఆమే నా వెనకాల నడిచింది.

చెయ్యి తప్పు చెయ్యలేదు గానీ బుర్ర చేసింది. టీచర్లు మాత్రమే చేసే తప్పు. పేరున్న ప్రతివాడికీ ఆ పేరు రాయడం వచ్చనుకున్నాను.

ఉగాదికి తిరుపతయ్య వచ్చాడు. బాలమణి పెట్టెలో ఉన్న దవాఖాన కాగితం కిరాణా కొట్టాయనకు చూపిస్తే, ఆయన చదివి, "ఇండ్ల నీ సంతకం కూడ ఉంది గదా" అన్నాడట. మర్నాడు పొద్దున నేను స్కూలుకు బయలుదేరి గడప దగ్గర చెప్పులేసుకుంటున్నాను. మా ఆయన డిపోకు, మరిది చేనుకు పోయారు. అత్తమ్మ గోడ దగ్గర, అనసూయ వంటింట్లో. బాలమణి వెంట దవాఖానకు పోయింది మేమిద్దరమేనని వాడలో అందరికీ తెలుసు; తిరుపతయ్య, అతని అన్న, ఇంకో ఇద్దరు వాకిట్లోకి వచ్చారు.

"ఎవలమ్మా నా సంతకం పెట్టింది?" అన్నాడు తిరుపతయ్య. అరవలేదు. అరిస్తే బాగుండేది, నేనూ అరిచేదాన్ని. "నేను ఏలుముద్రోన్ని. మేస్త్రి కాడ గూడ ఏలుముద్రనే ఏస్త. నాకు రాని అచ్చరాలు దవాఖానల నేనెట్ల రాస్తి?"

అతని అన్న ముందుకు వచ్చాడు. "మనం ఊర్ల లేనప్పుడు గిట్ల పెడుతున్నరన్నట్టు! ఇయ్యాల దవాఖాన కాయిదం, రేపు మన చెలక కాయిదం. చెప్పుండ్రి, ఎవలు?"

జీవితంలో నేను వాదించకుండా చెప్పులు చూసుకుంటూ నిలబడ్డ రోజు అదొక్కటే. దొంగ సంతకం పెట్టిన పంతులమ్మ. సస్పెన్షన్, కేసు, పేపర్లో పేరు, మా నాన్న ముఖం, అన్నీ వరసగా కనిపించాయి. అత్తమ్మ తిరుపతయ్యను చూడటం లేదు, నన్ను చూస్తోంది. లోపల రొట్టె చప్పుడు ఆగలేదు. ఒక రొట్టె అయింది, పెనం మీద వేసిన చప్పుడు విన్నాను. ఇంకో ముద్ద తీసుకుని మళ్లీ కొట్టడం మొదలైంది. ఈలోగా వాడలోంచి ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి గోడ వెంబడి నిలబడ్డారు. అందరికంటే వెనక బాలమణి, చంకలో పిల్లతో. రెండో రొట్టె కూడా అయింది. చప్పుడు ఆగింది. అనసూయ మోచేతుల దాకా పిండితో బయటికి వచ్చి, నన్ను దాటి, గడప దిగి వాకిట్లో నిలబడింది.

"నేను పెట్టిన" అంది.

"నువ్వా?" అన్నాడు తిరుపతయ్య.

"నేనే. నీకు అచ్చరాలొస్తయనుకున్న తిరుపతన్నా. గంత బొంబాయి, పూణె తిరిగొస్తివి, పేరన్న రాసుడు నేర్వకపోతివా?"

గోడ దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. తిరుపతయ్య ఒక్క క్షణం ఆ నవ్వు వైపు తల తిప్పాడు. అనసూయ ఆ క్షణాన్ని పోనివ్వలేదు. "నీ పెండ్లాం మూడు దినాలు గేటు కాడ కూసున్నది. నీ సంతకం దేకుంటే పొమ్మన్నరు. నువ్వు జూస్తే పూణెల. నువ్వు ఉగాదికొచ్చేదాంక కడుపు ఆగుతదా? తప్పు నాది. కొడ్తే నన్ను గొట్టు, పోలీసులకిస్తే నన్నియ్యి. ఆమెనేమనకు."

అతను వెనక్కి తిరిగి పెళ్లాన్ని చూశాడు. "నాకు జెప్పకపోతివి" అన్నాడు.

"ఎట్ల జెప్పాలె?" అంది బాలమణి. "మేస్త్రి ఫోన్ల జెప్పాల్నా, పదిమంది ఇనంగ?" చంకలో పిల్లను సర్దుకుని, ఎవరూ అడగకుండానే మళ్లీ అంది. "అయినా నా పెయ్యి గోసేటందుకు నీ సంతకమెందుకు? నొప్పి నాకు గాదా?"

తిరుపతయ్య ఆ కాగితాన్ని చిన్నగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నన్నడిగితే నేను వద్దందునా?" అన్నాడు మెల్లగా, ఎవరితోనో తెలియకుండా. అన్నను చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. మంచివాడు. అడిగి ఉంటే వద్దనేవాడు కాదేమో. కానీ అనడానికి మనిషి ఇక్కడ ఉండాలి కదా, ఆమె ఆ గేటు దగ్గర ఎన్ని రోజులు కూర్చోవాలి?

నేను తొమ్మిదిన్నర బస్సుకు స్కూలుకు పోయాను. ఆ రోజు పదో తరగతికి పరీక్షల కోసం మళ్లీ చెప్పాల్సిన పాఠం ప్రత్యుత్పత్తి. చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు. సాయంత్రం ఇంటికి వస్తే మా అరుగు నిండా ఆడవాళ్లు, మధ్యలో అనసూయ. మర్నాడు పక్క ఊళ్లనుంచి వచ్చారు. వారం తిరిగేసరికి ఆమెకు పేరు కూడా పెట్టేశారు, సంతకాలమ్మ. కేసు కాలేదు. డాక్టరుగారికి గొడవ అక్కర్లేదు, తిరుపతయ్యకు అంతకంటే అక్కర్లేదు. నేను రాత్రి పూట గిన్నెలు సర్దుతూ అత్తమ్మ దగ్గర ఏడ్చినంత పని చేశాను. "ఆ సంతకాలు నావి అత్తమ్మా" అన్నాను. ఆమె, "నీ నౌకరి నిలవడ్డది. నోరు మూసుకొని పప్పు దిను" అంది. అనసూయకు కృతజ్ఞత చెప్పాలని నాకు తెలుసు. మూడుసార్లు నోటిదాకా వచ్చింది. కానీ చూడండి, దొంగతనం నేను చేశాను, దొంగ అన్న పేరు ఆమెకు వచ్చింది, ఆ పేరుకు జనం దండం పెడుతున్నారు. దీనికి కృతజ్ఞత ఎలా చెప్పాలో నాకిప్పటికీ తెలియదు.

ఎన్నికలు వచ్చాయి. మా నియోజకవర్గంలో ఒక పార్టీ టికెట్టు కోసం ఇద్దరు మగవాళ్లు కొట్టుకుంటున్నారు. ఒకరికిస్తే రెండోవాడు ఓడిస్తాడు. ఆ భయంతో ఇద్దరికీ కాకుండా మా యారాలికి ఇచ్చారు. అభిమానంతో కాదు, పీడ విరగడవుతుందని. ఆమె వద్దంటుందనుకున్నాను. "ఆ ఫారం యాడ అచ్చయితదో ఆడికి పోతే తప్ప గీత పోదన్నడు గదా అక్కా డాక్టరు. మరి పోవద్దా?" అంది. సర్పంచిగానో జెడ్పీటీసీగానో ఆ గీత చెరిపే వీలు లేదు, అసెంబ్లీలో మన కడుపుల సంగతి మాట్లాడే ఆడది కావాలి అని పదేళ్లుగా స్టాఫ్‌రూంలో గొంతు చించుకున్నది నేను. మా ఆయనతో ఆ రాత్రి, "రాజీనామా చేసి నేను నిలబడితే?" అన్నాను. ఆయన, "నువ్వు నిలబడితే నీ వాదన గెలుస్తది, నువ్వు ఓడతవు" అన్నాడు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు, ఆయన చెప్పింది నిజం కనక.

ప్రభుత్వ టీచరును, ప్రచారం చెయ్యకూడదు. ఉపన్యాసాలు రాసివ్వవచ్చు కదా. ఎనిమిది పేజీలు రాశాను, చట్టం సెక్షన్లతో సహా. సంత రోజు మీటింగుకు తలమీద కొంగు కప్పుకుని జీపు చాటున నిలబడ్డాను. అనసూయ నా ఎనిమిది పేజీలూ మడిచి, వాటితో విసురుకుంటూ మాట్లాడింది. "మొగుడు పూణెల, కడుపు ఈడ, కాయిదం హైదరాబాదుల. మూడింటిని ఒక్క కాడికి దెచ్చేటందుకు నన్ను హైదరాబాదుకు తోలుండ్రి" అంది. అంతే. సంత ఊగిపోయింది. ఎవడో వెనకనుంచి, "కడుపులు దీపిచ్చేటామెకు ఓటెట్ల ఏస్తం?" అని అరిస్తే, కూరగాయల గంప ముందర కూర్చున్న ఒక ముసలామె, "దీపిచ్చుకున్నది మేము. నువ్వేమన్న కన్నవా?" అంది. అందరూ నవ్వుతుంటే నేను జీపు చాటున నిలబడి, నా ఎనిమిది పేజీలు ఆమె ముఖానికి గాలి కొట్టడం చూశాను. నేను ఎనిమిది పేజీల్లో చెప్పలేనిది ఆమె ఒక్క ఊపిరిలో చెప్పింది. ఆ ఊపిరి నాకు ఎందుకు లేదు?

నాకు పోలింగ్ డ్యూటీ ఖిల్లా ఘణపూర్‌లో పడింది. ఊరు కాని ఊళ్లో డ్యూటీ కాబట్టి నా ఓటు ముందే, ట్రైనింగ్ రోజున, పోస్టల్ బ్యాలెట్ మీద వెయ్యాలి. బ్యాలెట్ ఒక కవరులో, దానితో పాటు ఇది నేనే వేశానని ఒక డిక్లరేషన్. దాని మీద సంతకం లేకపోతే ఓటు చెల్లదు. ఆ సంగతి ట్రైనింగులో మాకు రెండుసార్లు చెప్పారు. నేను అనసూయ పేరు ఎదురుగా గుర్తు పెట్టాను. నిజంగా పెట్టాను. కవరు మూశాను. డిక్లరేషన్ ముందర పెట్టుకుని పెన్ను మూత తీశాను. బాలస్వామి, నర్సింహులు, తిరుపతయ్య, అందరి మొగుళ్ల సంతకాలూ తడుముకోకుండా పెట్టిన చెయ్యి నా సొంత పేరు దగ్గర ఆగిపోయింది. పక్కన కూర్చున్న టీచరు, "అయిందా మేడం?" అంది. అయిందన్నాను. సంతకం లేకుండానే పెద్ద కవరులో పెట్టి అంటించి ఇచ్చేశాను. సరిచూసి ధ్రువీకరించాల్సిన ఆఫీసరు ఆ గుంపులో డిక్లరేషన్ మీద ముందే, చూడకుండానే ముద్ర కొట్టేశాడు. ఇది ఇప్పటిదాకా మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆమె ఓడాలని కాదు. గెలవాలనే ఉంది. కానీ నా చేత్తో కాదు.

పోలింగ్ రోజు మధ్యాహ్నం, కోట గుట్ట మీంచి ఎండ నేరుగా పోలింగ్ బూత్‌లోకి కొడుతోంది, జనం పలచబడ్డారు. వేలికి సిరా పెట్టించుకుంటూ ఒకామె నన్నడిగింది, "మీ దిక్కున ఎవలో ఒకామె మొగోళ్ల సంతకాలు పెట్టి ఆడోళ్లను బాగుజేసిందంట గదా, మీరెరుగుదురా టీచరమ్మా?" అక్కడి వాళ్లకు అనసూయకు ఓటేసే వీలు కూడా లేదు. అయినా కథ వచ్చేసింది, నాకంటే ముందు, అదీ నియోజకవర్గం దాటి. "తెల్వదు" అన్నాను. ఎప్పుడూ పుస్తకం భాష మాట్లాడే నా నోట్లోంచి ఆ మాట మా అత్తమ్మ గొంతుతో వచ్చింది.

అనసూయ కొద్ది తేడాతో గెలిచింది. చెల్లని పోస్టల్ ఓట్ల కట్టలో నాది ఎక్కడో పడి ఉంటుంది. అసెంబ్లీలో ఆమె ఆ గీత గురించి అడిగితే పరిశీలిస్తామన్నారు, పరిశీలిస్తూనే ఉండిపోయారు. కానీ మా దవాఖాన గోడ మీద మాత్రం నీలం రంగు పెద్ద అక్షరాలతో రాయించింది: "పద్దెనిమిదేళ్లు నిండిన మహిళ తన సమ్మతి తాను ఇస్తే చాలు. భర్త సంతకం అవసరం లేదు." మొదటి వాక్యం నా మూడో పేజీలోది, అక్షరం పొల్లు పోకుండా. ఆ పేజీలు పారెయ్యలేదన్నమాట. అది చూసి సంతోషించాలా, కింద నా పేరు లేదని ఏడవాలా తెలియక, ఆ గోడ ముందు నిలబడి అక్షరదోషాల కోసం వెతికాను. లేవు. ఆ ఐదేళ్లూ మా దవాఖానలో ఏ ఆడమనిషినీ మొగుడి కోసం వెనక్కి పంపలేదు. ఇది నేను చెప్తున్నాను, ఆమె గురించి మంచి చెప్పడం ఎంత కష్టమో తెలిసిన నేను. రెండోసారి ఆ ఇద్దరు మగవాళ్లూ రాజీ పడ్డారు. అనసూయకు టికెట్టు రాలేదు.

పోయినేడు మా స్కూల్లో పనిచేసిన ఒక చిన్న టీచరు ఇలాంటి పని మీదే తోడు రమ్మంటే ఒక పట్నంలో ప్రైవేటు ఆసుపత్రికి పోయాను. చల్లటి గాలి, అద్దాల తలుపులు, కంప్యూటర్ ముందు ఇస్త్రీ కోటు వేసుకున్న అమ్మాయి. "హస్బెండ్ సంతకం కావాలి మేడం" అంది. చట్టంలో లేదమ్మా అన్నాను. "చట్టంలో లేకపోవచ్చు మేడం, సాఫ్ట్‌వేర్‌లో ఉంది. ఆ గడి నింపకపోతే ముందుకు పోదు" అంది నవ్వుతూ. మా చిన్న టీచరు ఫోన్ తీసి వీడియో కాల్ చేసింది. మొగుడు ఎక్కడో ఆఫీసులో కూర్చుని ఫోన్ మీదే వేలితో సంతకం గీకి పంపాడు. రెండు నిమిషాల పని. ఎవరూ గేటు దగ్గర కూర్చోలేదు, ఎవరూ ఏడవలేదు. ఆ రోజుల్లో మొగుడు అందనంత దూరంలో ఉండేవాడు, ఆ దూరంలోంచి మేం దూరిపోయాం. ఇప్పుడు వాడు ఎక్కడున్నా అందుతాడు, ఆమె మాత్రం ఇంకా అడగాల్సిందే. ఆ గడి తీసెయ్యమని అడగడానికి కావాల్సిన మనుషులను మనం ఎన్నిసార్లు పంపాం, ఎంతమందిని పంపాం? ఒక్కదాన్ని పంపాం మేం. ఆ ఒక్కదానికీ నేను ఓటు వెయ్యలేదు.

నాగర్‌కర్నూల్ సభ అయిపోయాక అనసూయ నన్ను తన కారులోనే తీసుకొచ్చింది. దారిలో మక్కకంకులు కొనిపెట్టింది. "ఆ పిల్ల ఎడమచెయ్యి అని యాడికెల్లి తెచ్చిందో అక్కా" అని నవ్వింది. మరి కుడిచెయ్యి ఎవరిది అని అనలేదు. నేనూ అనలేదు. అడగాల్సింది అది కాదు.

వంటింటికీ వాకిలికీ మధ్య ఒక్క మట్టిగోడే ఉండేది. తిరుపతయ్య మొదటి మాటే ఆమెకు వినిపించి ఉంటుంది. అయినా రాలేదు. వాకిట్లో ఆడవాళ్లు నిండేదాకా చూసిందని, జనం చేరితే గానీ నోరు విప్పని తెలివి అప్పుడే ఆమెకు ఉందని చాలా ఏళ్లు నమ్మాను. ఆ నమ్మకంతోనే డిక్లరేషన్ మీద పెన్ను ఆపాను. ఈ మధ్య ఇంకో అనుమానం పట్టుకుంది. ఇంటికి పెద్దదాన్ని నేను, చదువుకున్నదాన్ని నేను, పెన్ను నాది. ఆ మాట చెప్పే వంతు ముందు నాదే. నేను చెప్తానేమోనని నాకు అవకాశం ఇచ్చి, నేను గడప మీద చెప్పులు చూసుకుంటూ నిలబడిపోయానని తెలిశాకే ఆమె లేచి వచ్చిందేమో. అదే నిజమైతే ఇన్నేళ్లుగా నేను కుళ్లుకున్నది నా చేతికిస్తే నేను పుచ్చుకోని దాని కోసమే. చెప్పు అనసూయా, ఎమ్మెల్యేగా కాదు, నా యారాలిగా చెప్పు: ఆ పొద్దున అంతసేపు నువ్వు ఎవరి కోసం ఆగినవే?